మామ వదలని అప్పీలు

ఈ ఎండాకాలం మొదట్లో మా మేనమామ, ఎల్లారెడ్డి పట్టణంలోని ఆసుపత్రిలో కన్నుమూశాడు. నాగిరెడ్డిపేటలో ఇంటి ముందు పడుకోబెట్టారు. పట్టపగలు ఆయన పడుకొని ఉండడం నేను చూసింది అప్పుడే.

మామ సైన్యంలో సిపాయి. ఒక చలికాలం కాపలా కాస్తూ నేల మీద పడి ఉన్నాడట. డ్యూటీలో నిద్రపోయాడని సైనిక కోర్టు జైలుశిక్ష వేసి, ఉద్యోగం నుంచి తీసేసింది. "పండుకోలేదు అల్లుడా, జరంతోని సోయి తప్పి పడ్డ" అనేవాడు నాతో. ఆ జ్వరం చూసిన డాక్టరును కోర్టు పిలవనే లేదు.

ఊరికి వచ్చాక పగలు నడుం వాల్చడం మానేశాడు. నాట్లప్పుడు అందరూ తిని గట్టు మీద కునుకు తీస్తే, ఆయన నిటారుగా కూర్చునేవాడు. ఒళ్లు కాలిపోతున్నా గోడకు ఆనుకునేవాడే గాని పక్క ఎక్కేవాడు కాదు.

నేను డిగ్రీ తప్పి ఇంట్లో ముడుచుకున్నప్పుడు నన్ను పొలానికి తీసుకెళ్లింది ఆయనే. ఎందుకు తప్పావని అడగలేదు. "అడిగేటోళ్లు శానమంది ఉంటరు, నేనెందుకు అడగాలె" అన్నాడు.

శిక్ష మీద మామ పై అధికారులకు పెట్టుకున్న అర్జీ తిరిగొచ్చింది. కామారెడ్డి వకీలు, "ఇది మన కోర్టుల నడవది అన్నా. మిలిటరోళ్లకు వేరే ట్రిబ్యునల్ ఉంటది, చెన్నైకి పోవాలె" అన్నాడు. మామ వెంట నేను వెళ్లాను. జైలు ఎలాగూ అయిపోయింది కాబట్టి తప్పు ఒప్పుకొని, తొలగింపును ఉద్యోగం నుంచి మామూలు విడుదలగా మార్చమని అడిగితే పని సులువవుతుందని అక్కడి వకీలు చెప్పాడు. నేను తెలుగులో చెప్పేసరికి మామ మొహం నల్లబడింది.

"పండుకున్న అని నా నోటితోని నేనే చెప్పాల్నా?"

తప్పు ఒప్పుకోకుండానే అప్పీలు వేయించాడు. ఇక వాయిదాలే. వాయిదా దగ్గరపడితే అన్నం సహించేది కాదు. అయిపోతే మళ్లీ వచ్చేదాని ధ్యాసే. అత్త విసిగిపోయి, "ఇగ ఇడ్సిపెట్టరాదు" అనేది.

"నేనిడిస్తే అది నన్ను ఇడుస్తదా?"

ఆయన పోయాక చెన్నై వకీలు ఫోన్ చేశాడు. ఇంటివాళ్లు అడిగితే అప్పీలు నడుస్తుందట, లేకపోతే అంతటితో ముగిసినట్టేనట. అత్త వద్దంటుందనుకున్నాను.

"ఆయన జాగల నా పేరు రాయమను" అంది.

వానలు పడ్డాక ఇద్దరం చెన్నై వెళ్లాం. తీర్పు రాలేదు, మళ్లీ వాయిదా పడింది. ట్రిబ్యునల్ హాల్లో గుమస్తా మామ పేరు పిలవగానే, నేను కదిలేలోపే అత్త కొంగు సర్దుకొని లేచి నిలబడింది.