నలుగురిని అడిగే మనిషి

మా జహీరాబాద్ ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే ఆయన చేతికి వాచీ ఉండేది కాదు. టైమెంతో తెలియాలంటే నలుగురిని విడివిడిగా అడిగేవారు. ఆ చాదస్తం నాకు అంతుపట్టేది కాదు.

ఓసారి, సరిగ్గా షిఫ్టు టైముకు చేరే కోహీర్ బస్సులో వచ్చే కార్మికులందరికీ హాజరు మిషన్‌లో కొన్నాళ్లపాటు రోజూ ఆలస్యం పడింది. వాళ్లెంత మొత్తుకున్నా మేనేజరు మిషన్‌నే నమ్మాడు. కంప్యూటర్లు చూసే ఆయన వెతికి చూస్తే, హాజరు మిషన్‌కు టైం ఇచ్చే మా కంప్యూటర్, టైమెంతో ఇంటర్నెట్‌లో ఒకే ఒక్క టైమ్ సర్వర్‌ను అడుగుతోంది. అది పది నిమిషాలు ముందుంది.

"ఒక్కన్నే నమ్మితె గిట్లనే అయితది సార్. ఇద్దరున్నా ఎవరిది తప్పో తెల్వదు. నలుగురుండాలె," అంటూ ఇంకో మూడు సర్వర్లు చేర్చారు.

"తప్పు మిషన్‌దని ముందుగాల నీకెవరు చెప్పిన్రు?" అన్నాడు మేనేజరు.

"గేటు కాడ కార్మికులను అడిగిన సార్. నలుగుర్ని, విడివిడిగ. అందరు ఒక్కటే టైం చెప్పిన్రు."