తెరుచుకోని వ్యాసం

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి సింగపూర్ వచ్చిన కొత్తలో సంగతి. ఒక ఆదివారం వుడ్‌ల్యాండ్స్‌లో ట్రైనెక్కి ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే, ఎదుటి సీట్లో ఉన్న షిప్‌యార్డు పనివాడు, నలభై దాటిన మనిషి, లేచొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"బాబూ, ఇదేటో కాస్త సదివి సెప్పండి" అని ఒక కాగితం చేతికిచ్చాడు.

ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన పేజీ అది. వాళ్ల ప్రాంతంలో మనుషులకు కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో పరిశీలించి, యూరప్‌లోని ఒక సైన్సు పత్రికలో రాసిన వ్యాసం. పైన నాలుగు వాక్యాల సారాంశం ఉంది. మిగతాది చందాదారులకే అని దాని కింద ఉంది.

"డాక్టర్లొచ్చి మా ఊరంతటికీ నెత్తురు తీసినారు. ఆ సంగతి ఇందులో రాసినారంట. మా అన్న ఆ జబ్బుతోనే పోనాడు. నీల్ల వల్లో కాదో, అదొక్కటి సెప్పండి. మా పిల్లలు ఇప్పటికీ ఆ నూతి నీల్లే తాగుతున్నారు."

"అది లోపలి పేజీల్లో ఉంటుందండీ. డబ్బు కడితేగాని తెరుచుకోవు."

"నెత్తురు మాదే గదా బాబూ?"

ఆ నాలుగు వాక్యాలే మళ్లీ చదివాను. ఇంతలో యూ టీ స్టేషన్ వచ్చింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "పోన్లెండి, మీరు మాత్రం ఏటి సేస్తారు" అని నన్నే ఓదార్చి దిగిపోయాడు.

మర్నాడు ఆఫీసులో ఆ వ్యాసం తెరవడానికి ప్రయత్నించాను. తెరుచుకోలేదు. చాలా ఏళ్లకు ఆ పత్రిక తన పాత సంచికలన్నీ అందరికీ ఉచితంగా ఇచ్చింది. వ్యాసం వెతికి చివరిదాకా చదివాను. నీళ్ల వల్లో కాదో తేల్చలేకపోయామని రాశారు. ఆ మాటైనా చెబుదామంటే ఆయన్ను ఎక్కడని వెతకను?