ఆంటీ ఒళ్ళో నా కుడికాలు

హాల్లో గదిని వేడిచేసే రేడియేటర్ పక్కన స్కీ బూట్లు ఆరుతున్నాయి. తడిసిన లోపలి మెత్త వేడెక్కుతుంటే ప్లాస్టిక్కూ చెమటా కలిసిన వాసనొకటి ఫ్లాటంతా పాకుతుంది. మా వారికి అది గిట్టదు. ముక్కు మూసుకుని వెళ్ళి కిటికీ తెరుస్తారు. నేను మాత్రం టీ కప్పు పట్టుకుని కావాలనే అక్కడ కూర్చుంటాను. ఆ వాసన తగిలితే చాలు, వైదేహి ఆంటీ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది.

నేను వంకర పాదంతో పుట్టాను. చిన్నప్పుడే కాకినాడలో ఆపరేషన్లు చేసి కుడిపాదాన్ని దారికి తెచ్చారు గానీ, అది ఎడమదాని కంటే పొట్టిగా, వెడల్పుగా, బయటి అంచున ఎముక పొడుచుకొచ్చినట్టుగా మిగిలిపోయింది. బడిలో ఆటల పీరియడ్ వస్తే అందరి చెప్పులకూ కాపలా ఉండటం నా పని. ఎవరూ కసిరి కూర్చోబెట్టలేదు, జాలిపడి కూర్చోబెట్టారు. అందుకే పోట్లాడటానికి కూడా వీల్లేకపోయింది. "నొప్పిగా ఉందా?" అని ఎవరడిగినా "ఫరవాలేదండి" అనడం అలవాటైపోయింది. ఆ అలవాటూ ఆ పాదమూ రెండూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి నాతోపాటు ఎడిన్‌బర్గ్ వచ్చాయి.

ఆంటీని మొదటిసారి చూసింది ఉగాది రోజున. అక్కడ మన కుటుంబాలు తక్కువే. చర్చి హాలొకటి అద్దెకు తీసుకుని పండగ చేసుకుంటున్నాం. అరవైకి దగ్గరపడిన మనిషి, పట్టుచీర కింద వెడల్పాటి బూట్లు వేసుకుని వచ్చారు. రాజమండ్రి ఆవిడనీ, ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టనీ ఎవరో చెప్పారు. నేను పులిహోర ప్లేటుతో గోడ వారగా వెళ్తుంటే వెనక నుంచి పిలిచారు.

"ఏమ్మా, నీది కుడికాలా?"

నడకలో తేడా కనపడకూడదని ఎన్నో ఏళ్ళు తంటాలు పడ్డదాన్ని. ఒళ్ళు మండింది. అయినా తలూపాను.

"నాకైతే రెండూనూ," అని కుచ్చిళ్ళు కాస్త ఎత్తి చూపించారు. "బొటనవేళ్ళ దగ్గర ఎముకలు చూడు, బూట్లలోంచి కూడా ఉల్లిపాయల్లా ఎలా ఉబ్బాయో! శనివారం కొండ దగ్గరికి రా. స్కీయింగ్ చేద్దాం."

వేళాకోళమాడుతున్నారనుకున్నాను. మా ఆఫీసు వాళ్ళు వచ్చే చలికాలం మంచు కొండలకు వెళ్తున్నారనీ, నేను లాడ్జిలో ఉండి అందరి సామాన్లూ చూసుకుంటానని అప్పుడే ఒప్పేసుకున్నాననీ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "అంటే ఇక్కడ కూడా కాపలాయేనన్నమాట," అన్నారు. చెప్పుల సంగతి నేనావిడకు చెప్పనే లేదు. ఆ మాట గుండెల్లో గుచ్చుకుని, శనివారం బస్సెక్కేదాకా నన్ను ఊరుకోనివ్వలేదు.

ఊరి చివర కొండ మీద బ్రష్షు కుచ్చుల్లాంటి ప్లాస్టిక్ పరిచిన వాలు ఒకటుంది. మంచు లేకపోయినా జనం దాని మీద జారుతారు. పై నుంచి నీలం కోటు వేసుకున్న మనిషి ఒకరు అటు వంగి, ఇటు వంగి, ఏ తొందరా లేకుండా దిగొస్తున్నారు. కిందకొచ్చి హెల్మెట్ తీస్తే ఆంటీ! ఉగాది నాడు కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకున్న మనిషి ఈవిడేనా అని నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను.

ఆ ఉత్సాహంలో నేనూ బూట్లు అద్దెకు తీసుకున్నాను. మా అమ్మ చెప్పులెప్పుడూ ఒక సైజు పెద్దవే కొనేది. అదే తెలివితో పెద్ద సైజు అడిగి, రెండు జతల ఉన్ని సాక్సులు తొడిగాను. సరిపోయాయా అని కౌంటర్లో అడిగితే "ఫైన్" అన్నాను. వదులు బూటులో పాదం ముందుకూ వెనక్కూ జారి, బయటి ఎముక ఒరుసుకుపోయి, కాసేపటికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆంటీ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, బూటు లాగేసి, సాక్సులు తీసి, నా ఉత్త పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నారు.

నేను ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కున్నాను. "అయ్యో, పెద్దవారు! నా కాలు పట్టుకోవడమేంటి ఆంటీ, పాపం కదూ."

"పాపం తగిలితే నాకు తగలనీ. కాలిటివ్వు."

అమ్మా డాక్టర్లూ తప్ప ఎవరూ ముట్టుకోని పాదం అది. ఆవిడ దాన్ని రెండు చేతుల మధ్యా పెట్టుకుని, జాలి లేకుండా, అసహ్యం లేకుండా, ఎముక వెంట బొటనవేలితో నెమ్మదిగా తడిమారు. "చక్కటి పాదమే. బూటుదే తప్పు," అన్నారు. ఆ మాటకి ఏడుపు ఆగలేదు నాకు.

తర్వాతి వారం బూట్ల షాపుకి వెళ్ళాం, అదీ మధ్యాహ్నం పూట. పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కాబట్టి పొద్దున్నే కొలిస్తే లాభం లేదన్నారు ఆంటీ. తనకు సరిపడే బూటు దొరకడానికి రెండు చలికాలాలు పట్టిందట. "నన్ను చూస్తే షాపుల వాళ్ళు టీకి పారిపోయేవాళ్ళే," అని నవ్వారు. అక్కడి అమ్మాయి బూటు లోపలి మెత్త తీసేసి ముందు ఉత్త ప్లాస్టిక్ డొల్లలో నా కాలు పెట్టించింది. మడమ వెనక రెండు వేళ్ళు దూరే ఖాళీ ఉంటే చాలట. తీరా చూస్తే నేనడిగిన దానికంటే చిన్న సైజు! పల్చటి సాక్సులు ఒక్క జతే వేయించి, బకిల్స్ బిగించి, "ఆల్ రైట్?" అనడిగింది.

"ఫైన్, థాంక్యూ," అన్నాను.

"ఫైనంటే పాపం ఆ పిల్లేం చేస్తుంది?" ఆంటీ గొంతు మొదటిసారి గట్టిగా వినిపించింది. "ఎక్కడో చెప్పు. వేలు పెట్టి చూపించు."

షాపులో అందరి ముందూ వేలు పెట్టి చూపించాను. ఇక్కడ. ఇదిగో, ఇక్కడ. ఆ అమ్మాయి అక్కడే గుర్తు పెట్టుకుని, డొల్లను వేడి చేసి, లోపల నుంచి ఒత్తి నా ఎముకకు చోటు చేసింది.

ఆఫీసు వాళ్ళతో కొండలకు వెళ్ళినప్పుడు లాడ్జిలో సామాన్లు వాటంతటవే ఉన్నాయి. నేను పిల్లలు నేర్చుకునే చిన్న వాలు మీదే జారాను, పడుతూ లేస్తూ, మంచు తింటూ. ఒకసారి మాత్రం కింది దాకా పడకుండా వచ్చి ఆగాను. ఆగాక గుర్తొచ్చింది, అంతసేపూ నాకొక పాదముందనే మర్చిపోయానని. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆంటీకి ఫోన్ చేశాను. నేను చెప్పేలోపే ఆవిడే "పడకుండా వచ్చావా? నాకు తెలుసులే," అన్నారు.

కొన్నేళ్ళకు ఆంటీ బొటనవేళ్ళకు ఆపరేషన్ జరిగింది. లండన్ పక్కన క్రోయిడన్‌లో కూతురు దగ్గరున్నారని తెలిసి రైలెక్కి వెళ్ళాను. మంచం మీద పడుకుని, కట్లు కట్టిన కాళ్ళు దిండు మీద పెట్టుకుని ఉన్నారు. ముఖం వాడిపోయింది.

"నొప్పిగా ఉందా ఆంటీ?"

"ఆఁ, ఫరవాలేదమ్మా," అన్నారు.

నేను మంచం చివర కూర్చుని ఆ కాళ్ళను జాగ్రత్తగా నా ఒళ్ళోకి తీసుకున్నాను.

"ఎక్కడ?" అన్నాను.

ఆవిడ నెమ్మదిగా కాస్త లేచి, ముందుకు వంగి, వేలు పెట్టి చూపించారు.