అక్రోట్ల సంచిలో పాస్‌పోర్టు

జినాయిదా ప్రతి ఉదయం వీధి తలుపు తీశాక, ఎదురైన మొదటి మనిషి చేతిలో ఒక అక్రోటు కాయ పెట్టేది. చెత్తబండి ఆయన కావచ్చు, యూనివర్సిటీకి పరుగెత్తే మన తెలుగు పిల్లలెవరైనా కావచ్చు. జర్మనీలోని జీగెన్‌లో మేమున్న వీధి పెద్ద ఎత్తు. ఆ ఎత్తు ఎక్కి ఆయాసపడుతూ వచ్చేవాళ్లు ముందు తడబడి, తర్వాత నవ్వి పుచ్చుకునేవారు.

"మా అమ్మ పేరున," అనేది.

చనిపోయినవాళ్ల పేరున ఇచ్చేది వాళ్లకు చేరుతుందని ఆమె పుట్టిన మోల్దోవాలో నమ్మకం. పుచ్చుకున్నవాళ్లు "బొగ్దప్రోస్తే" అనాలి. దేవుడు క్షమించుగాక అని దాని అర్థం. మా క్రైస్తవ సంఘంలో ఇలాంటివి ఒప్పుకోరు. అయినా మొదటిసారి నా చేతిలో కాయ పెట్టినప్పుడు ఆ చెయ్యి చూసి కాదనలేకపోయాను. వృద్ధాశ్రమంలో రోజుకు పన్నెండుమందికి స్నానం చేయించి, వేడినీళ్లకు పాలిపోయిన చెయ్యి అది. నేనూ అక్కడే పని చేస్తాను. ఆమె కింది వాటాలో ఉంటుంది, మేము రెండో అంతస్తులో.

ఆమె జర్మనీ వచ్చి తొమ్మిదేళ్లయింది. వచ్చింది రొమేనియా పాస్‌పోర్టు మీద. ఆమె తాత పుట్టినప్పుడు వాళ్ల ఊరు రొమేనియాలో ఉండేదట, అందుకని మనవరాలికీ ఆ పౌరసత్వం దొరికింది. రొమేనియా యూరోపియన్ యూనియన్‌లో ఉంది కాబట్టి ఇక్కడ పనికి అడ్డు లేదు. మోల్దోవా ఇంకా గుమ్మం బయటే ఉంది.

"మా తాత కాగితం మీద బతుకుతున్నాను కుమారీ," అంది ఒకసారి టీ తాగుతూ. "నా దేశం కాగితం మీద ఎప్పుడు బతుకుతానో."

"నీ దేశం చేరితే మీవాళ్లందరూ ఇక్కడికి వచ్చేస్తారా?"

"రావడానికి కాదు. రాకుండా ఉండడానికి. మా వీధిలో సగం ఇళ్లకు తాళాలు. రోడ్డు పడి, ఆసుపత్రికి డాక్టరు వస్తే ఎవరు వదిలి వస్తారు చెప్పు?"

రెండు వేల ఇరవై నాలుగు అక్టోబరులో వాళ్ల దేశంలో ఆ ప్రశ్నే ఓటుకు పెట్టారు. యూనియన్‌లో చేరడమే మా గురి అని రాజ్యాంగంలో రాసుకుందామా, వద్దా? పరాయి దేశాల్లో ఉన్నవాళ్లు కూడా వెయ్యవచ్చు. జినాయిదాకు దగ్గరలో ఉన్న పోలింగు కేంద్రం ఫ్రాంక్‌ఫర్ట్‌లో. ఆ వారమంతా ఆమె అన్నయ్య వాసిలే ఊరి నుంచి ఫోన్లో ఎగతాళి చేశాడు. "నువ్వు వెళ్లిపోయినదానివి. ఇక్కడ ఉండేది మేము, ఓటు నీదా? నా ఆవుకి కూడా యూరప్ పాస్‌పోర్టు ఇప్పిస్తావా ఏంటి?"

"నీ ఆవుకి ఇస్తారు, నీకే అనుమానం," అంది ఈమె. ఫోను పెట్టేశాక మాత్రం నా వైపు తిరిగింది. "మా ఊళ్లో వద్దనేవాళ్లే ఎక్కువట కుమారీ. ఒక్కటంటే ఒక్క ఓటు కూడా పోకూడదు."

ఆదివారం పొద్దున్నే మొదటి రైలుకు వెళ్లింది. మెట్ల మీద నాకో కాయ ఇచ్చి, "ప్రార్థన చెయ్యి," అంది.

ప్రార్థనలోనే ఉన్నాను, మా సంఘం హాల్లో పదకొండున్నరకి. నా ఫోను మూడుసార్లు వణికింది. నా భర్త దేవరాజు కళ్లతోనే కోప్పడ్డాడు. నాలుగోసారి బయటికి వచ్చి ఎత్తాను.

"కుమారీ, నేనొక గాడిదను," అంది జినాయిదా.

రెండు గంటలు వరుసలో నిలబడి బల్ల దాకా వెళ్లిందట. పాస్‌పోర్టు తీసి ఇచ్చిందట. ఆ ఉద్యోగి తిప్పి చూసి, "అమ్మా, ఇది రొమేనియాది," అన్నాడట. తొమ్మిదేళ్లుగా ఏ ఆఫీసులో అడిగినా అదే చూపించిన చెయ్యి, ఇవాళ కూడా అలవాటుగా దాన్నే సంచిలో వేసుకుంది.

"మరి మోల్దోవాది ఎక్కడుంది?"

"వంటింట్లో, అక్రోట్ల సంచి అడుగున. నేను వచ్చి మళ్లీ వెళ్లాలంటే నాలుగు గంటలు. మధ్యలో ఒక్క రైలు తప్పితే, ఆలోపు ఓటు కాగితాలే అయిపోవచ్చంటున్నారు."

మొక్కలకు నీళ్లు పొయ్యడానికి ఆమె ఇంటి తాళంచెవి ఒకటి నా దగ్గరే ఉంటుంది. నేను లోపలికి వెళ్లి దేవరాజు చెవిలో చెప్పాను.

"ఇప్పుడా? ఇంకా వాక్య ప్రసంగం కూడా అవ్వలేదు. ఇంకోసారి వేసుకోవచ్చు కదా."

"ఇంకోసారి లేదండీ. ఇవాళే."

ఆయన ఒక్క క్షణం వేదిక వైపు చూశాడు. "సరే వెళ్లు. ఈవాని తీసుకెళ్లు, నీకసలే ఫ్రాంక్‌ఫర్ట్‌లో దారి తెలీదు. భోజనాల పని నేను చూసుకుంటాలే," అన్నాడు.

అక్రోట్లన్నీ ఆమె వంటింటి బల్ల మీద కుమ్మరించాను. అడుగున ప్లాస్టిక్ కవరులో ఉంది. తెరిచి, ఫొటో చూసి, ఏ దేశమో మా పన్నెండేళ్ల ఈవా చేత పైకి చదివించి, అప్పుడు సంచిలో పెట్టుకున్నాను.

"మమ్మీ, రెండుసార్లు చదివాను. ఎస్ శ్టిమ్ట్, కరెక్టే. పద!"

రైలు ఒకచోట ఇరవై నిమిషాలు ఆగిపోయింది. నేను కళ్లు మూసుకున్నాను. ఈవా ఫోన్లో నిమిషాలు చూసి చెబుతూనే ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి ట్రామ్ పట్టుకుని చేరేసరికి మూడు దాటింది. వరుస వీధి మలుపు తిరిగి అవతలిదాకా ఉంది. చంటిబిడ్డలతో, ఫ్లాస్కులతో, మడత కుర్చీలతో వచ్చారు జనం. జినాయిదా ఎక్కడా కూర్చోలేదు. జేబులోని అక్రోట్లు వరుసలో వాళ్లకు పంచిపెడుతూ నిలబడి ఉంది.

పాస్‌పోర్టు చేతిలో పెట్టగానే దాన్ని నుదుటికి ఆనించుకుంది. తర్వాత వరుస చివరికి నడవబోయింది.

"ఎక్కడికమ్మా?" అని గట్టిగా కేకేశాడు ముందున్న ఒక పెద్దాయన. "పొద్దున నా ముందే నిలబడ్డావు. నేను ఓటేసి, భోంచేసి, మా ఆవిణ్ణి తీసుకుని మళ్లీ వచ్చాను. నువ్వింకా ఇక్కడే! ఇంతకీ ఏ దేశానికి ఓటేస్తున్నావు?"

"మా తాతని అడిగి చెబుతాను," అంది జినాయిదా.

వరుసంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్యే ఒకరి తర్వాత ఒకరు పక్కకు జరిగారు. ఒకామె అయితే ఆమె వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది. వాళ్లందరూ మాట్లాడింది వాళ్ల భాషలోనే, తర్వాత జినాయిదా చెప్తేనే నాకు తెలిసింది. కానీ జరిగి దారివ్వడం చూసి అర్థం చేసుకోవడానికి భాష ఎందుకు?

పావుగంటకు బయటికి వచ్చింది. జేబులో మిగిలిన ఆఖరి కాయ ఈవాకిచ్చింది. ఈవా నా వైపు చూసింది. నేను తలూపాను. "బొగ్దప్రోస్తే," అంది ఈవా.

మర్నాడు డ్యూటీలో దుప్పట్లు మారుస్తూ ఇద్దరం ఫోను చూస్తూనే ఉన్నాం. మొదట వద్దన్నవాళ్లదే పైచేయిగా వచ్చిందట. విదేశాల ఓట్లు లెక్కకు వచ్చేకొద్దీ అది మారింది. చివరికి సగం మీద వెంట్రుకవాసి ఎక్కువగా అవునన్నారు. ఆమె గంతులెయ్యలేదు. ఫ్రావు హిల్డె అనే ముసలావిడ మంచం మీద దుప్పటి మడత సరిచేసి, "అందులో ఒకటి నాది," అంది.

వాసిలే ఆ సాయంత్రం ఫోన్ చేసి, "ఆవుకి ఫొటో తీయించనా?" అన్నాడట. అంటే కోపం లేదన్నమాట.

ఏడాది తిరిగింది. యూనియన్‌తో చర్చలు సాగుతున్నాయి. ఇంకా చాలా ఏళ్లు పట్టవచ్చని ఆమెకు తెలుసు. "పట్టనీ, మేము నిలబడడం నేర్చుకున్నాం," అంటుంది. మొన్న సెప్టెంబరులో వాళ్ల పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. ముందురోజు శనివారం సాయంత్రం మా తలుపు తట్టింది. చేతిలో రొమేనియా పాస్‌పోర్టు ఉంది.

"మళ్లీ తప్పుది తెచ్చావా టాంటె జీనా?" అంది ఈవా. టాంటె అంటే జర్మన్‌లో ఆంటీ.

"ఈసారి కావాలనే తెచ్చాను," అని దాన్ని నా చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"సోమవారం దాకా దీన్ని నీ బైబిల్లో పెట్టుకో కుమారీ. రేపు పొద్దున నేనే వచ్చి ఏడ్చి అడిగినా సరే, ఇవ్వకు."