ప్రెసిడెంటు గారు మూసిన కొళాయి

కొళాయి ప్రారంభోత్సవం అంటే కొళాయి తెరవడం. ఇది చిన్నపిల్లలకైనా తెలుసు. మొన్న శుక్రవారం మదనపల్లెలో, మా సందు మొగదల మాత్రం, పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు గారు వచ్చి, పూలమాల వేయించుకుని, బ్యాండు మోగుతుండగా కొళాయి మూసి వెళ్ళారు. వాయల్పాడులో ఉండే మీకు ఈ సంగతి ఇంకెవరో చెప్పేలోపల నేనే చెప్పేస్తే మంచిది. వాళ్ళయితే ఇంకో నాలుగు కలిపి చెప్తారు. ఆ టీ తాగుతూ వినండి. తప్పు నాదే, అందులో అనుమానం ఏమీ లేదు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. ఊళ్ళో ఏ ఫంక్షన్ జరిగినా మేం ఇంటికి తాళం వేసుకుని పోయే రకం. మా అమ్మ మరియమ్మ, మా ఆవిడ సుగుణ, ఏడేళ్ళ కూతురు గ్రేసు, నేను, నలుగురం ముందు వరుసలో ఉండాల్సిందే. స్వరాజ్యం వచ్చినప్పటి నుంచి ఫంక్షన్లకు కొదవ కూడా లేదు. పార్కులో రేడియో పెట్టిన రోజు మా అమ్మ ఆ పెట్టెలోంచి మాట్లాడే ఆయనకు రెండు చేతులెత్తి నమస్కారం పెట్టింది. పెద్ద వీధిలో కరెంటు దీపం వెలిగించిన రోజు గ్రేసు నా భుజాలెక్కి దాన్ని ఊది ఆర్పాలని చూసింది. చదువుకునే హాలు తెరిచిన రోజు మా ఆవిడ ఒక పత్రిక తీసుకుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివితే గాని లేవలేదు. ఇంటికొచ్చి, "మా పుంగనూరులో ఎప్పుడు పెడతారో ఇట్లాంటిది" అని దిగులు పడింది.

కానీ ఇవన్నీ వేరు, కొళాయి వేరు.

మాకు నీళ్ళ బావి పెద్ద వీధిలో ఉంది. మా పాలెం వాళ్ళు దాని గట్టు ఎక్కకూడదు, చేద ముట్టకూడదు. కుండ కింద పెట్టి పక్కన నిలబడాలి. పెద్ద వీధి వాళ్ళలో ఎవరికైనా తీరిక దొరికితే, మనసు పుడితే, రెండు చేదలు తోడి పోస్తారు. మా అమ్మ కాపురానికి వచ్చిన దగ్గర నుంచి, నలభై ఏళ్ళు, అట్లాగే నిలబడింది. పోసే వాళ్ళలో వెంకటమ్మ గారని ఒకామె మంచిది, విసుక్కోకుండా పోస్తుంది. ఆమె ఊళ్ళో లేని రోజు మా ఇంట్లో అన్నం ఆలస్యం.

నేను మిషన్ స్కూల్లో మాస్టర్ని అయ్యాక చేసిన మొదటి మంచి పని అర్జీలు రాయడం. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని మీకు తెలుసు. ఎన్ని రాశానో లెక్క లేదు. చివరికి మా సందూ పెద్ద వీధీ కలిసే చోట కొళాయి ఒకటి మంజూరయింది. ఆ వార్త చెప్పిన రోజు మా అమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. తర్వాత అడిగింది.

"ఒరే సుందరం, దాన్ని ఎవురైనా తిప్పొచ్చునా?"

"ఎవరైనా తిప్పొచ్చమ్మా."

"నేను కూడానా?"

"నువ్వు కూడా."

"అయితే నా చేత్తో తిప్పుకోని నా కుండ పట్టుకుంటాను. అంతే సాలు నాకు."

ఇదీ మా ఇంట్లో సంగతి. బయట సంగతి వేరుగా ఉంది. పెద్ద వీధిలో కిరాణా కొట్టు కిష్టప్ప, కొళాయి తన కొట్టు ముందరే రావాలని పట్టుబట్టాడు. బోర్డు సూపర్వైజరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "సూడండి సార్, ఫంక్షను సక్రమంగా జరిగితే కొళాయి ఈడే ఉంటాది. ఏదైనా గలాటా అయితే కిష్టప్పకు సందు దొరుకుతాది. కొట్టు ముందరికి మారుస్తారు. ఏర్పాట్లన్నీ మీ పూచీ."

అంతేకాదు, ప్రోగ్రాం కాగితం చేతిలో పెట్టాడు. ప్రెసిడెంటు గారు కొళాయి తెరుస్తారు. మొదటి నీళ్ళు వెండి చెంబులో పట్టి ఆయనకిస్తారు. ఆ తర్వాత పెద్ద వీధి ఆడవాళ్ళు పట్టుకుంటారు. చివర పాలెం వాళ్ళు. ఇంటికొచ్చి చదివి వినిపిస్తే మా అమ్మ అంది, "ఈడ కూడా ఎనకేనా?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇక నా పాండిత్యం గురించి చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది అదే. మా పాలెంలో కొళాయి అనేదాన్ని కళ్ళతో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. పోయిన క్రిస్మస్ సెలవుల్లో కుప్పం వెళ్ళాను. మా బావమరిది యోసేపు అక్కడ రైల్వే స్టేషన్లో పోర్టరు. ప్లాట్‌ఫారం మీద కొళాయి చూపించాడు. పైన గుబ్బ ఉంది. నొక్కితే నీళ్ళు వస్తాయి, చెయ్యి తీస్తే ఆగిపోతాయి. "అదే మూసుకుంటాది బావా, మనం ఏమీ సెయ్యబన్లేదు" అన్నాడు యోసేపు, తనే కనిపెట్టినట్టు. నేను పదిసార్లు నొక్కాను, పదిసార్లు తీశాను. మదనపల్లె వచ్చి అందరికీ చెప్పాను. బోర్డు మీద బొమ్మ గీసి పిల్లలకు పాఠం కూడా చెప్పాను. చెయ్యి తీస్తే కొళాయి దానంతట అదే మూసుకుంటుంది, ఇదీ నా పాఠం సారాంశం.

గురువారం సాయంత్రం స్కూలు వదలగానే కొళాయి దగ్గరికి పోయాను. పందిరి వేశారు. స్కూలు నుంచి జంఖానా తెచ్చి పరిచాను, కుర్చీలు వేయించాను. కొళాయికి మా ఆవిడ బంతిపూల దండ కట్టింది. అంతా అయ్యాక నాకు ఒక దిగులు పట్టుకుంది. రేపు ప్రెసిడెంటు గారు చెయ్యి వేస్తే తిరక్కపోతే? టెస్టింగ్ చేద్దామనిపించింది. ఇది కుప్పం కొళాయి లాంటిది కాదు, పైన పిడి ఉంది. తిప్పాను. సులువుగా తిరిగింది. లోపల్నుంచి బుస్సుమని గాలి వచ్చింది గాని నీళ్ళు రాలేదు. నీళ్ళు తెల్లవారుజామున ట్యాంకులోంచి వదుల్తారని సూపర్వైజరు ముందే చెప్పాడు. సరే, తిరుగుతోంది కదా, అది చాలు అనుకున్నాను. చెయ్యి తీశాను.

మీకు అర్థమయింది కదా. చెయ్యి తీశాను, అంతే. దానంతట అదే మూసుకుంటుందని దండ సర్దేసి ఇంటికి పోయాను. దారిలో సూపర్వైజరు ఎదురై, "అంతా సరిసూసినారా సార్?" అంటే, "బ్రహ్మాండంగా ఉంది" అని కూడా చెప్పాను.

తెల్లవారుతూ ఉండగా మా అమ్మ తట్టి లేపింది.

"సుందరం, లెయ్యప్పా. కొళాయి కాడ సప్పుడవుతాండాది."

"ఏం చప్పుడు?"

"వానాకాలం ఏటి సప్పుడు."

పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తాను. బంతిపూల దండ మధ్యలోంచి చేతి మందాన నీళ్ళు దూకుతున్నాయి. జంఖానా తేలుతోంది. కుర్చీల కాళ్ళు బురదలో జానెడు దిగాయి. ప్రెసిడెంటు గారి కుర్చీ ఒక పక్కకు వాలి, అప్పుడే ఉపన్యాసం విని అలిసిపోయిన దాని మాదిరి ఉంది. పెద్ద వీధి వైపు పల్లం కదా, నీళ్ళన్నీ అటు పారి కిష్టప్ప కొట్టు ముందర మడుగు కట్టాయి. కొట్టు ముందర కొళాయి కావాలని ఆయన కోరిక. కొళాయి రాలేదు గాని నీళ్ళు పోయాయి.

ఇప్పుడేం చేయాలి? కుప్పం చదువు ఉంది కదా, పిడిని అరచేత్తో నొక్కాను. ఏమీ కాలేదు. రెండు చేతులతో నొక్కాను. నీళ్ళు నా మొహాన కొట్టాయి. అప్పుడు తిప్పాలని గుర్తొచ్చి తిప్పితే, కంగారులో వేరే వైపు తిప్పాను, ధార ఇంకా లావయింది. నా వెనక మా ఆవిడ వచ్చి నిలబడింది.

"గ్రేసు నాయినా, నువ్వు జరుగు" అంది. పిడిని రెండో వైపుకు తిప్పింది. ధార తగ్గడం మొదలయింది. "మా పుంగనూరోళ్ళు సేతగాని పనిలో సెయ్యి పెట్టరు" అని కూడా అంది.

అప్పటికే చప్పుడు విని పాలెం అంతా కుండలతో వచ్చేసింది. ధార తగ్గడం చూసి అందరూ ఒక్కసారిగా మా ఆవిణ్ణి అడ్డుకున్నారు.

"ముయ్యబోకమ్మా, మూస్తే మళ్ళా వస్తాదో రాదో."

"వస్తుంది, అందుకే కదా కొళాయి అనేది" అన్నాను నేను.

"నువ్వు సెప్పిన కత తెలిసింది లే సార్" అన్నారు.

ఒక్క తెల్లవారుజాములో నా పరువంతా పోయింది. మా ఆవిడ మళ్ళీ పూర్తిగా తిప్పేసింది. మా అమ్మ ముందుకొచ్చి కుండ పెట్టింది. ముందు వరుసా లేదు, వెనక వరుసా లేదు. ఊళ్ళో అందరికన్నా ముందు మా అమ్మ కుండ నిండింది. నేను తడిసి ముద్దయి, వణుకుతూ, ఉద్యోగం పోతుందేమో అని భయపడుతూ ఉన్నాను గాని, ఆ కుండ నిండడం చూస్తుంటే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

కాసేపటికి పెద్ద వీధి ఆడవాళ్ళు కూడా వచ్చారు. రాక ఏం చేస్తారు, ఊరికే పోతున్న నీళ్ళు. మొదట దూరంగా నిలబడ్డారు. వెంకటమ్మ గారు ఒక్కరూ బిందె తీసుకుని దగ్గరికొచ్చి, బురదలో అడుగు వేయలేక ఆగిపోయారు. మా అమ్మ చెయ్యి చాపి ఆ బిందె అందుకుంది. ధార కింద పెట్టింది, నింపింది, ఎత్తి ఇచ్చింది. వెంకటమ్మ గారు ఒక్క క్షణం మా అమ్మ మొహం చూశారు. "ఇంగో బిందె కూడా తెస్తానుండు మరియమ్మా" అని వెళ్ళారు. అంతే, తక్కిన వాళ్ళంతా బిందెలు ముందుకు తోశారు. కిష్టప్ప పెళ్ళాం ఒక్కతే ఆరు బిందెలు పట్టింది.

పది గంటలకు బ్యాండు వచ్చింది. వెనకే ఖద్దరు బట్టల్లో ప్రెసిడెంటు గారు, పక్కన సూపర్వైజరు. సూపర్వైజరు మొహంలో రక్తం లేదు. ఊరంతా బురదలో నిలబడి ఉంది, ప్రతి ఇంట్లో ప్రతి గిన్నె నిండి ఉంది, కొళాయి పారుతూనే ఉంది. బ్యాండు వాళ్ళు కూడా ఏం వాయించాలో తెలియక ఆపేశారు.

"ఇది తెరిచిందెవరు?" అన్నారు ప్రెసిడెంటు గారు.

కిష్టప్ప నా వైపు చూపుడువేలు ఎత్తాడు. నేనే ముందుకు పోయి, కుప్పం స్టేషన్ దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా ఒప్పుకున్నాను. నా వల్ల మా అమ్మ కొళాయి కొట్టు ముందరికి పోతుందేమో అని నా భయం.

"సూసినారా అయ్యా, ఈళ్ళకు సేతగాదు. కొట్టు ముందర అయితే నేను సూసుకుంటాను" అన్నాడు కిష్టప్ప.

ఆయన పెళ్ళాం వెనక నుంచి అంది. "అట్లయితే బిందెలు కూడా నువ్వే మోసుకో. మన ఇంటికి ఈడే దగ్గిర."

జనం నవ్వారు. ప్రెసిడెంటు గారు నవ్వు ఆపుకుని, "మరి ఇప్పుడు నేను ఏం ప్రారంభించాలప్పా?" అన్నారు నన్ను చూసి. మా అమ్మ ముందుకొచ్చింది.

"అయ్యా, మూస్తే మళ్ళా రావని ఎవురూ ముయ్యనీలేదు. తెరిసే పని మా వోడు సేసేసినాడు. మీరు పెద్దోళ్ళు, మీరు మూసి సూపించండి. మళ్ళా వస్తాయో రావో నేను సూస్తాను."

ఆయన చొక్కా చేతులు మడిచారు. చెప్పులు విడిచి బురదలోకి దిగారు. కొళాయి తిప్పారు. ధార సన్నబడింది, బొట్లయింది, ఆగింది. బ్యాండు ఎత్తుకుంది. చప్పట్లు కొట్టాం. ఒక్క బొట్టు కూడా రాని కొళాయిని చూసి ఊరంతా ఊపిరి బిగబట్టింది. "ఇప్పుడు తిప్పమ్మా" అని ఆయన పక్కకు జరిగారు.

మా అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని పిడి తిప్పింది. నీళ్ళొచ్చాయి.

సూపర్వైజరు వెండి చెంబు కోసం వెతుకుతున్నాడు. అది బురదలో ఎక్కడుందో దేవుడికెరుక. ప్రెసిడెంటు గారు దోసిలి పట్టారు. మా అమ్మ తన కుండలోంచి వంచి పోసింది. అందరూ చూస్తుండగా, నలభై ఏళ్ళు బావి పక్కన నిలబడిన మనిషి చేతి నీళ్ళు ఆయన కడుపు నిండా తాగారు. నేను కళ్ళు తుడుచుకుంటే గ్రేసు, "కొళాయి నీళ్ళు ఇంకా పోలేదా నాయినా?" అంది.

కొళాయి మా సందు మొగదలే ఉండాలని ఆయన అక్కడే చెప్పి వెళ్ళారు. జంఖానా ఇంకా ఆరలేదు. మా హెడ్మాస్టరుకు ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. ఇప్పుడు కొళాయి బాధ్యత పాలెం అంతా కలిసి మా అమ్మకు అప్పగించింది. ఆమె మొదట పెట్టిన రూలు ఒక్కటే. ఎవరైనా తిప్పొచ్చు, మా సుందరం తప్ప. అందుకని రోజూ పొద్దున నేను కుండ తీసుకుపోయి కింద పెట్టి పక్కన నిలబడతాను. మా అమ్మకు తీరిక దొరికితే, మనసు పుడితే, నాకు నీళ్ళు పోస్తుంది.