బాణం గుర్తు

కోతల పెయింటరు రాసిన అక్షరాలు చూసుకుని విమానాలు దారి సరిచేసుకునేవట. 'ఆగుము' అన్న ఆయన బోర్డు ముందు గాలి కూడా ఒక్క క్షణం ఆగి మరీ వెళ్లేదట. నాలుగో తరగతిలో బడి మానేసింది కూడా, ఆయనకు నేర్పడానికి బడి దగ్గర ఇంకేమీ మిగలకేనట. చెప్పింది ఆయనే కాబట్టి నమ్మక తప్పదు. ఒక్క ముక్కా నమ్మకుండా నలభై ఏళ్లు పడిపడి నవ్వింది మాత్రం ఆయన భార్యే. ఇప్పుడు నవ్వితే దగ్గు, దగ్గితే రక్తం. డాక్టరు పెదవి విరిచేశాడు.

ఆ వారమే పాస్టరు పని అప్పగించాడు. ఆసుపత్రి ప్రహరీ గోడ మీద 'దేవుని రాజ్యం దగ్గరలోనే ఉంది' అని రాయాలి. పెయింటరు మూడడుగుల అక్షరాలు దించి, కింద ఎర్రగా బాణం గీశాడు. పెట్రోలు బంకైనా, పళ్ల డాక్టరైనా, 'దగ్గరలో' అని రాశాక బాణం గీయందే ఆయన చెయ్యి ఊరుకోదు. ఆ బాణం సూటిగా శవాల గది గుమ్మాన్ని చూపిస్తోంది.

పాస్టరు పరుగున వచ్చాడు.

"ఏంటయ్యా ఈ ఘోరం? చెరిపెయ్!"

"మరెటు తిప్పమంటారు? దూరం కూడా చెబితే కిలోమీటర్లు వేసేస్తా."

"అది ఊరు కాదయ్యా, దారి చూపించడానికి. మనిషికీ మనిషికీ మధ్య మొదలయ్యేది."

"మా ఇంట్లో ఇద్దరి మధ్యా తెమడ గిన్నె ఉందండీ. అందులో మొదలవుద్దా?"

పాస్టరు గొంతు తగ్గింది. "నాకూ అంతకన్నా తెలీదయ్యా."

బాణం చెరిపి ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ కబురు మోసేసింది.

"ఏమయ్యా, రాజ్యానికి దారి చూపించావట?" అంది భార్య.

"చూపించడమేంటే! దేవదూతలు వరస కట్టి..."

"కోతలాపు. నిజం చెప్పు. నేను పోయే చోట ఏమన్నా ఉందా?"

బంగారు వీధులు, దగ్గులేని ఊపిరి, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ ఏనాడూ నమ్మని మనిషి, ఈ పూట ఏం చెప్పినా నమ్మడానికి సిద్ధంగా ఉంది. అవన్నీ మింగేశాడు.

"తెలీదే," అన్నాడు.

"అబద్ధం చెప్తావేమోనని హడలిపోయా. ఇలా వచ్చి కూర్చో," అంటూ ఆమె గోడవైపు జరిగింది. ఇరుకు మంచంలో జానెడు చోటు తేలింది.

ఆరో రోజున ఆమె పోయింది. మంచి చోటికే వెళ్లిందన్నారు వచ్చినవాళ్లంతా. పెయింటరు అవుననలేదు, కాదనలేదు. మంచం మీద ఆ జానెడు చోటులోనే, ఒదిగి కూర్చున్నాడు.