బందరు బాట మీద నాన్న

ఆ రోజు నాన్నను ఇల్లు కదిలించింది నేనే. మా ఇంట్లో ఈ కథ ఎవరు ఎలా చెప్పుకున్నా సగం ఘనత నాది, మిగతా సగం మా ఇంటి ఓనరుది.

ఎనభైల్లో మేం దిల్‌సుఖ్‌నగర్ వెనకాల ఒక కొత్త కాలనీలో కిరాయికి ఉండేవాళ్లం. కాలనీ అని పేరే గానీ ఇళ్లకంటే పునాదులే ఎక్కువ. ఎటు చూసినా ఇసుక కుప్పలు, ఇటుకల వరసలు. మాది కృష్ణా జిల్లా. నాన్న సర్కారు ఆఫీసులో హెడ్ క్లర్కు. ఒక వేసవిలో ఆయనకు గుండెపోటు వచ్చింది. దవాఖాన నుంచి మనిషి తిరిగి వచ్చాడు గానీ గొంతు రాలేదు. గట్టిగా మాట్లాడితే గుండె మళ్లీ పట్టేస్తుందని ఆయన భయం. వీధి మలుపులో ఉండగానే "ఏమేవ్, కాఫీ" అని కేకేసే మనిషి, పక్కన కూర్చున్నా వినపడనంత మెల్లగా మాట్లాడేవాడు. రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. నడిస్తే పోతానని నాన్న తీర్మానించుకుని వరండాలో మంచం ఎక్కాడు. గేటు దాటితే ఒట్టు.

సెలవు అయిపోవస్తోంది. మళ్లీ ఉద్యోగంలో చేరకపోతే రాజీనామా ఇచ్చి, సామాను లారీకెక్కించి మా ఊరు చేరడమే. నేను డిగ్రీలో ఉన్నాను, నాకు వెళ్లడం ఇష్టం లేదు. అంతకంటే కూడా, ఇంకా యాభై రాని మనిషి నా కళ్లముందు ముసలివాడైపోతుంటే ఒళ్లు మండిపోయేది. అమ్మ మాత్రం ఒక్క మాట అనేది కాదు. వేళకు మందులు, వేళకు జావ ఇచ్చి తన పని తాను చేసుకుపోయేది. అమ్మకు గుండె ధైర్యం ఎక్కువని నేను అనుకునేదాన్ని.

మా ఓనరు పుట్టుకతో రైతు. పొలం ప్లాట్లయ్యాక ఇల్లు కట్టి, సగం మాకిచ్చి, సగంలో తనుండేవాడు. పనిలేక ఆయనకూ తోచేది కాదు. దసరా వెళ్లాక ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"సార్, మా అమ్మగారి ఊరికి పోదాం రాండ్రి. సీతాఫలాలు చెట్లకే పండుతున్నయ్. పాత కోట ఉన్నది, రాతి బ్రిడ్జిలున్నయ్. జర గాలి మారితె మంచిగైతది."

"ఎంత దూరమండీ?" నాన్న గొణిగాడు.

"గీడనే సార్. బస్సు దిగినంక జరంత."

ఇక్కడ మా వాళ్ల అమాయకత్వం చెప్పుకోవాలి. మా వైపు దగ్గరంటే దగ్గరే. కాలవ గట్టు మీద నిలబడి వేలు పెట్టి చూపిస్తారు. ఓనరు నోట దూరం అనే మాటే రాదని మాకింకా తెలియదు. నాన్న నా వైపు చూశాడు. ఆయన వద్దనేలోపు నేను చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టాను.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సెక్కి, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక దిగాం. ఊరు నిజంగానే పాతది. గుండ్రటి బురుజు, ఇద్దరు మనుషులెత్తు రాతి దర్వాజా. కాకతీయులనాటిదని ఓనరు గట్టిగా చెప్పాడు. ఏ రాజులు కట్టారో గానీ కోట లోపల ఇప్పుడు బర్రెలే ఏలుతున్నాయి. ఓనరు మేనమామ ఇంట్లో చల్ల తాగాం. నాన్న అరుగు మీద కూర్చుని, ఇక చాలు, వెళ్దామన్నాడు.

"బ్రిడ్జి చూడకుంట ఎట్ల సార్? గా బాట మీ దిక్కే పోతుండె అంట, బందరు దాక. ఎనకట గోల్కొండ నుంచి ఎడ్ల బండ్లు గట్లనే పోయేటియట."

బందరు మాట వినగానే నాన్న లేచాడు. సొంత జిల్లా ఊరి పేరు చెబితే మా వాళ్లు ఎక్కడికైనా వస్తారు.

మొదటి వంతెన ఊరి బయటే ఉంది. ఒక్కటే కమాను, కింద తుంగ. నాన్న రాతి మీద చెయ్యి వేసి చూశాడు. ఇంకోటి గీడనే ఉందన్నాడు ఓనరు. బాటకు అటూ ఇటూ సీతాఫలం చెట్లు. కళ్లు విచ్చిన కాయలు కోసి నాన్న చేతిలో పెడుతూ నడిచాం. గింజలు ఊస్తూ ఆయన తన ధ్యాసలో తానున్నాడు. రెండో వంతెన వచ్చేసరికి బాగా ఎండెక్కింది. మేమెంత దూరం వచ్చామో నాకక్కడే అర్థమైంది. నోరు మూసుకున్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

మూడోది పెద్దది. వాగు మీద వరసగా కమానులు, నల్లరాయి, సందుల్లో గచ్చు ఇంకా చెక్కుచెదరలేదు. మేం కమాను కిందికి దిగి నీడలో కూర్చున్నాం. నాన్న మొహం కడుక్కుని వెనక్కి తిరిగి చూశాడు. బురుజు కనిపించలేదు.

"ఊరేదీ?"

"గా గుట్ట ఎనక సార్."

"బస్సెక్కడ ఎక్కాలి?"

"బస్సు ఈడికెందుకొస్తది సార్. మల్ల ఎనకకు నడుసుడే."

నాన్న మొహం ఎర్రబడింది. "ఏమయ్యా, బుద్ధుందా నీకు? గుండెజబ్బు మనిషిని బందరు దాకా నడిపిద్దామనుకున్నావా? దూరమని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

కమాను ఆ అరుపును రెండింతలు చేసింది. పైన సందుల్లోంచి పావురాలు లేచిపోయాయి. ఓనరు తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"దూరమంటె మీరొస్తరా సార్? మా దిక్కు ఇంటికొచ్చినోళ్లకు దూరమని చెప్పం. చెప్తె రావద్దన్నట్టైతది."

"నీ మర్యాద తగలెయ్య" అని ఇంకోసారి అరిచి, నాన్న ఠక్కున ఆగిపోయాడు. చెయ్యి గుండె మీదికి వెళ్లింది. కళ్లు మూసుకున్నాడు. నా ధైర్యమంతా ఆ క్షణంలో ఆవిరైంది. చుట్టుపక్కల డాక్టరు లేడు, బండి లేదు. చంపేశాను మా నాన్నని అనుకున్నాను. ఓనరు పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుడికి మొక్కుకున్నాడో.

నాన్న అలాగే కూర్చున్నాడు, నొప్పి కోసం ఎదురుచూస్తూ. అది రాలేదు. కాసేపటికి కళ్లు తెరిచి మా ఇద్దరినీ చూశాడు. తర్వాత లేచి, పంచె ఎగ్గట్టి, గట్టెక్కి బాట పట్టాడు.

దారి పొడవునా తిడుతూనే ఉన్నాడు. ఓనరుని, ఓనరు ఊరిని, ఆ బాట వేసిన నవాబుల్ని, నన్ను. గొంతెత్తి, ఊపిరి నిండా తిట్టాడు. అంత కమ్మని తిట్లు నేను జన్మలో వినలేదు. వెనకాల నడుస్తూ నవ్వుకున్నాను. రెండో వంతెన దాటాక ఓనరు ఆయాసపడుతూ, "సార్, జర మెల్లగ" అన్నాడు. నాన్న వినిపించుకోలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. నేను ఒక్కటీ దాచకుండా ఎంత నడిచామో చెప్పేశాను. నాలుగు తగిలిస్తుందనుకున్నాను. అమ్మ నా వైపు చూడను కూడా లేదు. మోకాళ్ల దాకా ఎర్రమట్టి కొట్టుకున్న నాన్న కాళ్ల వైపే చూస్తోంది.

"అలా చూస్తావేమే, అన్నం పెట్టు. రేపు ఆఫీసుకెళ్లి చేరిపోవాలి" అన్నాడు నాన్న, పక్కింటివాళ్లు తొంగిచూసేంత గట్టిగా.

అమ్మ రెండడుగులు వేసి, ఇక వేయలేక మెట్ల మీద కూలబడింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఏడుపు ఆగలేదు. నాన్న మంచం పట్టిన ఇన్ని నెలల్లో అమ్మ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజే చూశాను.